మమ్మల్ని అడిగిండ్రా

2011లో దసరా దాటేదాకా మా బడికి తాళమే. ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. బస్సులు ఆగాయి, ప్రభుత్వ కచేరీలు మూతపడ్డాయి. శంషాబాద్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో, విమానాశ్రయం ప్రహరీకి ఇవతల ఉన్న మా ఉన్నత పాఠశాల నెల రోజుల పైన తెరుచుకోలేదు.

మా హెడ్మాస్టరు రామచంద్రయ్య గారు ఆ నెలంతా బస్టాండు దగ్గర సమ్మె టెంటులోనే ఉన్నారు. ఆయన మంచి వక్త. "యాభై ఆరుల కలిపిండ్రు గదా, కలిపేటప్పుడు మమ్మల్ని అడిగిండ్రా?" అని మైకులో అడిగితే టెంటు మొత్తం "లేదు" అని అరిచేది. నేను వెనక వరుసలో కూర్చునేవాణ్ణి. మాది కృష్ణా జిల్లా. ఇరవై రెండేళ్ళ క్రితం ఉద్యోగం ఇక్కడ వచ్చింది, ఇక్కడే ఉండిపోయాను. టెంటులో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒక రోజు రామచంద్రయ్య గారే వచ్చి పక్కన కూర్చున్నారు.

"మూర్తి సారు, మీరు రాకున్న ఎవరేమనరు. ఇంటికాడ ఉండరాదు?"

"ఇంట్లో ఉండలేకే వచ్చానండీ," అన్నాను.

ఆయన చాయ్ తెప్పించారు. నా భార్య విజయ జూలైలో చనిపోయింది.

నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. నా పాఠాలన్నీ పిల్లలకంటే ముందు విజయ వినేది. సాయంత్రం పూట చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని, నేను చెబుతూ ఉంటే మధ్యలో వేలెత్తి "సార్, నాకు అర్థం కాలేదండీ," అనేది. నిజంగా అర్థం కాక కాదు. తరగతిలో ఎవరికి ఎక్కడ అర్థం కాదో ఆమెకు తెలిసేది. ఆమె ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్నాక మర్నాడు బడిలో నాకు భయం ఉండేది కాదు. ఆ ఏడు బడి తెరిచాక పాఠాలు ముందుగా ఎవరికీ చెప్పకుండానే తరగతికి వెళ్ళాను.

పోయిన రోజులను పూడ్చాలి కదా. పదో తరగతికి రోజూ సాయంత్రం ఆరున్నర దాకా అదనపు తరగతులని హెడ్మాస్టరు గారు ఉత్తర్వు రాశారు. మా బడిలో ఏ ఉత్తర్వయినా నోటీసు పుస్తకంలో రాస్తారు. అటెండరు కొండల్ ఆ పుస్తకం పట్టుకుని గది గదికీ వస్తాడు. మేం పాఠం ఆపకుండానే ఒక చేత్తో సంతకం గీకి పంపేస్తాం. చదివి పెట్టే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఆ ఉత్తర్వు మీదా నేను అలాగే పెట్టాను. అందులో ఏముందో నవంబరు మొదటి వారంలో యెషయా వచ్చేదాకా నాకు పట్టలేదు.

యెషయా మా పదో తరగతి అమ్మాయి డోర్కాస్ తండ్రి. విమానాశ్రయం తోటల్లో మొక్కలకు నీళ్ళు పెడతాడు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కాలి కనుక, భోజనాల వేళకే ఆకుపచ్చ యూనిఫారంలో బడికి వచ్చాడు.

"సారు, నా బిడ్డ పేరు తీసెయ్యాలె."

"ఎందుకు? ఏమైంది?"

"ఏం కాలె. కాకముందే తీసేస్త అంటున్న." అతను వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "సాయంత్రం క్లాసు ఆరున్నరకు ఇడుస్తరు. మా కాలనీకి బస్సు ఐదున్నరకు. అది తప్పితె ఇగ ఎనిమిదింటికే. ఎయిర్‌పోర్టు గోడెంబడి మూడు కిలోమీటర్లు నడిచి రావాలె. లైటు లేదు. టిప్పర్లు ఎట్ల పోతయో మీరు చూస్తలేరా? నేను డ్యూటిల ఉంట. దాని తల్లి షాద్‌నగర్ కంపెనీ నుంచి వచ్చేసరికి ఎనిమిదైతది. మా అమ్మకు కండ్లు ఆనవు. ఎవరు తోల్కొస్తరు?"

"క్లాసు మానేసి బస్సుకు వెళ్ళమనండి, పోనీ."

"పది దినాల సంది గట్లనే వస్తుంది. లెక్కలు, ఇంగ్లీషు అంత ఆ క్లాసులల్లనే చెప్తున్నరంట. ఫెయిలయ్యే చదువు ఎందుకు సారు? కుట్టుమిషన్ల సెంటర్ల చేరుస్త. ఈ నెలాఖరు దాక చూస్త, అంతే."

డోర్కాస్ స్తంభం పక్కన నిలబడి అంతా వింటోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అక్షరాలు గుండ్రంగా రాస్తుంది. "నువ్వేమంటావమ్మా?" అని అడిగాను.

"మా నాయినది తప్పు లేదు సార్," అంది. స్తంభం వదిలి ముందుకొచ్చి, "నాది గూడ లేదు," అంది.

నేను హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"నలభై దినాలు పోయినయ్ మూర్తి సారు. ఒక్కొక్కరి బస్సు చూసుకుంట కూసుంటె సిలబస్ అయితదా? అందరి మేలు కోసమే గదా పెట్టింది."

అది అబద్ధం కాదు. ఆయన స్కూటరుకు సొంత డబ్బుతో పెట్రోలు పోసుకుని రోజూ ఆరున్నర దాకా ఉండి ఇంగ్లీషు చెబుతున్నారు. రెండేళ్ళ క్రితం బడి వేళలు మార్చినప్పుడూ ఆ కాలనీ పిల్లలు నలుగురు ఇలాగే మానేశారు. అప్పుడూ అందరి మేలే. ఆ నలుగురూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ వారంలోనే ఫ్రాన్సు విప్లవం పాఠం చెప్పాను. పన్నులు, కరువు, రొట్టె దొరకకపోవడం అని బోర్డు మీద రాశాను. మల్లేశ్వర్ లేచాడు. బడిలో మొదటి మార్కులు వాడివే.

"సార్, ఆకలి అంతకుముందు లేకుండెనా?"

"ఉంది. వందల ఏళ్ళుగా ఉంది."

"మరి అప్పుడే ఎందుకొచ్చింది విప్లవం?"

చాక్‌పీసు పక్కన పెట్టి చెప్పాను. అప్పటిదాకా రాజును దేవుడే కూర్చోబెట్టాడని అందరూ నమ్మారు. కరువొస్తే అదీ దేవుడి చిత్తమే అనుకున్నారు. తర్వాత కొందరు ఆలోచనాపరులు ఒక కొత్త మాట రాశారు. రాజు ఆకాశం నుంచి దిగలేదు, మనుషులు కలిసి బతకడానికి తమలో తాము చేసుకున్న ఒప్పందమే ప్రభుత్వం అన్నారు. ఒప్పుకున్నది జనం కాబట్టి, ఒప్పందం తప్పినవాణ్ణి దిగిపొమ్మనే హక్కూ జనానిదే అన్నారు. ఆ మాటను అచ్చేసి చాటుగా పంచారు. చదువు వచ్చినవాళ్ళు హోటళ్ళలో కూర్చుని రానివాళ్ళకు చదివి వినిపించారు. ఆకలి పాతదే. దాని గురించి ఎవరిని అడగాలో అప్పుడు తెలిసింది.

"శంషాబాద్ హోటల్ల గూడ పేపర్ చదువుతరు సార్, విప్లవం రాలె," అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు.

"వచ్చింది గదరా. నెల దినాలు బస్సులు బంద్ లేవా?" అన్నాడు మల్లేశ్వర్. తరగతి నవ్వింది.

అంతలో విమానం వచ్చింది. మా బడిలో విమానం నెత్తి మీదుగా పోతున్నంత సేపూ మాట ఆపేయడం అందరికీ అలవాటు. అది దాటి చప్పుడు తగ్గాక చూస్తే డోర్కాస్ నిలబడి ఉంది.

"సార్, జనం ఒప్పుకున్నరు అంటిరి. ఎప్పుడు ఒప్పుకున్నరు? ఎవరన్న పోయి అడిగిండ్రా?"

విజయ ఉంటే ఈ ప్రశ్న ముందు రోజు సాయంత్రమే వచ్చేది.  ఉన్నదే చెప్పాను.

"ఎవరూ అడగలేదమ్మా. ఎదురు చెప్పకుండా ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టేనని పాలించేవాళ్ళు లెక్క వేసుకుంటారు."

"అంటె, ఊరుకోకుంటె ఒప్పుకోనట్టు."

"అంతే."

ఆమె కూర్చుని ఆ రెండు మాటలూ నోట్సులో రాసుకుంది. బోర్డు మీద నేను రాయనిది ఏదైనా ఆ తరగతిలో ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి చూశాను.

మా బడుల్లో ఏడాదికోసారి స్వపరిపాలన దినం జరుపుతారు. ఆ రోజు పిల్లలే ఉపాధ్యాయులు. ఒకరు హెడ్మాస్టరు, ఒకరు లెక్కల సారు, ఒకరు అటెండరు. అమ్మాయిలు చీరలు కట్టుకుంటారు, అబ్బాయిలు తండ్రుల ప్యాంట్లు మడిచి తొడుక్కుంటారు. మేం పక్కన కూర్చుని చూస్తాం. ఎవరు ఏ వేషం వేయాలో ఏటా హెడ్మాస్టరు గారే చెబుతారు. ఆ ఏడూ నవంబరు మూడో వారంలో తరగతికి వచ్చి చెప్పారు.

"మల్లేశ్వర్, ఈసారి నువ్వే హెడ్మాస్టర్‌వి. మీ నాయినది తెల్లంగి ఇస్త్రీ చేయించి తెచ్చుకో."

డోర్కాస్ లేచింది. 

"సార్, స్వపరిపాలన గదా. మమ్మల్ని అడగరా?"

రామచంద్రయ్య గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. తరువాత గోడలు అదిరేటట్టు నవ్వారు. "ఔర! నా మాట నాకే అప్పజెప్తివి గద పోరీ. సరే, పెట్టుండ్రి ఓట్లు." ఆయనే కూర్చుని కాగితం చీటీలుగా చించారు. ఖాళీ చాక్‌పీసు డబ్బాలో చీటీలు వేశారు. డోర్కాస్ ఆరు ఓట్ల తేడాతో గెలిచింది.

"పోనీ తియ్, తెల్లంగి కష్టం తప్పింది," అన్నాడు మల్లేశ్వర్. "చీర కట్టుకొని మెట్ల మీద పడకు మేడమ్."

"నువ్వు నా బళ్ళె లెక్కల సారువి. జర టైముకు రా," అంది డోర్కాస్.

ఆ రోజు రానే వచ్చింది. వాళ్ళ అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, కొంగుకు నాలుగు పిన్నులు పెట్టుకుని వచ్చింది డోర్కాస్. మా హెడ్మాస్టరు గారికి ఆఫీసు పద్ధతులంటే ప్రాణం. వేషమైనా సరే పద్ధతిగా ఉండాలని ఆయన చార్జి అప్పగింత కాగితమొకటి తయారు చేశారు. "ఈ దినము ఉదయం తొమ్మిదిన్నర నుండి సాయంత్రం నాలుగుంబావు వరకు ఈ పాఠశాల పూర్తి బాధ్యతలను కుమారి డోర్కాస్‌కు అప్పగించుచున్నాను," అని ప్రార్థనలో గంభీరంగా చదివి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర కూడా వేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె కింద సంతకం చేసి ఆయన కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నం మేమంతా వంటషెడ్డు నీడలో కూర్చుని జామకాయలు తింటున్నాం. హెడ్మాస్టరు గారు టెంటు కబుర్లు చెబుతున్నారు. నోటీసు పుస్తకం వచ్చింది. అటెండరు వేషం వేసిన పిల్లవాడు ముందు, పుస్తకం ఎక్కడ పాడు చేస్తాడోనని అసలు కొండల్ వెనక. మేం కబుర్లు ఆపకుండానే ఒకరి తర్వాత ఒకరం సంతకాలు పెట్టాం. హెడ్మాస్టరు గారూ ఉపాధ్యాయుల వరుసలోనే పెట్టారు. జామకాయ ఎడమచేతిలోకి మార్చుకుని మరీ పెట్టారు.

ఆ రోజుల్లో ఇంట్లో పొద్దుటి పూట గడిచేది కాదు. అందుకని నేను ఏడున్నరకే బడికి చేరేవాణ్ణి. మర్నాడు అలాగే వెళితే, తాళం వేసిన పదో తరగతి గది ముందు పిల్లలంతా వరుసలు కట్టి కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు డోర్కాస్.

"ఏమిటమ్మా ఇది?"

"క్లాసు సార్. మీరు సంతకం పెట్టిండ్రు గద."

కొండల్ నవ్వు దాచుకుంటూ పుస్తకం తెచ్చి చూపించాడు. గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "రేపటి నుండి పదవ తరగతి అదనపు క్లాసులు సాయంత్రం ఉండవు. ఉదయం ఏడుముప్పావు నుండి తొమ్మిదింబావు వరకు జరుగును. మొదటి బస్సు కాలనీ దగ్గర ఏడుంబావుకు వచ్చును." కింద మా పదకొండు మంది సంతకాలు.

నేను గది తీయించి పాఠం చెప్పాను.

తొమ్మిదీ ఇరవైకి హెడ్మాస్టరు గారు స్కూటరు దిగారు. సంగతి విని నేరుగా తరగతికి వచ్చారు.

"ఏంది ఈ నాటకం?"

"నాటకం నిన్న సార్. ఇయ్యాల క్లాసు," అంది డోర్కాస్.

"నీ చార్జి నాలుగుంబావుకు అయిపోయింది!"

"ఆర్డరు మూడు గంటలకు రాసిన సార్."

"ముద్ర గూడ మీదే సార్," అని మల్లేశ్వర్ అందుకున్నాడు. గది అంతా నవ్వు. హెడ్మాస్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. నన్ను వరండాలోకి పిలిచారు.

"ఏం చెప్పిండ్రు మూర్తి సారు ఈ పోరగాండ్లకు?"

"టెంటులో మీరు చెప్పిందేనండీ. ఫ్రాన్సు పేరు పెట్టి చెప్పాను."

 ఆయన లోపలికి తొంగి చూసి గట్టిగా, "సాయంత్రం క్లాసు ఎప్పటి లెక్కనే నాలుగున్నరకు. అందరు ఉండాలె," అని చెప్పి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఒక్కరూ ఉండలేదు. కాలనీ వాళ్ళు బస్సెక్కారు. బడికి ఎదురింట్లోనే ఉండే మల్లేశ్వర్ కూడా సంచి తగిలించుకుని ఇంటికి పోయాడు. లెక్కల టీచరు రేవతి గారు చాక్‌పీసు పట్టుకుని ఖాళీ గదిలో నిలబడి ఉండగా నేను అటు వెళ్ళాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేను బడంగ్‌పేట నుంచి రావాలి మాస్టారూ. మా పాపను తయారుచేసి బడికి పంపి, రెండు బస్సులు మారి వస్తాను. ఏడుముప్పావుకి ఎలా వస్తానండీ? పిల్లలు వాళ్ళకు వాళ్ళు అనేసుకున్నారు. నన్నెవరైనా అడిగారా?"

ఆ ప్రశ్న మైకులో విన్నాను, తరగతిలో విన్నాను. ఇప్పుడు ఖాళీ గదిలో విన్నాను. మూడుచోట్లా న్యాయమైన ప్రశ్నే.

మర్నాడు పొద్దున పిల్లలు మళ్ళీ వచ్చారు. పాఠం మొదలుపెట్టకముందు డోర్కాస్‌ను వరండాలోకి పిలిచాను.

"నిన్న రేవతి మేడమ్ గారు అరగంట ఒక్కరే నిలబడ్డారు."

"ఆమె గూడ సంతకం పెట్టింది సార్."

"చదివి పెట్టారా?"

ఆమె కాలి బొటనవేలితో నేల గీసింది. "మీరెవ్వరు చదవరని మాకెరుకే సార్."

"అందుకే అందులో రాశావా?"

"...ఆఁ."

"ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని లెక్క వేసేవాళ్ళ సంగతి నీ నోట్సులో రాసుకున్నావు. ఈసారి ఆ లెక్క వేసింది ఎవరు?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. అప్పుడు నాకు భయం వేసింది. ఒక పిల్లకు మొదటిసారి వచ్చిన ధైర్యాన్ని నేనే తుంచానేమో అనిపించింది. నెలాఖరుకు ఇంకా వారమే ఉంది. ఈ ఉత్తర్వు పోతే ఆమె చదువూ పోతుంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"అడిగితె వద్దంటరు సార్," అంది చివరికి.

"అనవచ్చు. వద్దనే వీలు ఉంటేనే కదా అది అడగడం. చాలా విప్లవాలు గెలిచాక అక్కడే చెడిపోయాయమ్మా. మిమ్మల్ని ఎవరూ అడగలేదని లేచినవాళ్ళు, కుర్చీ దొరకగానే ఇతరులను అడగడం మానేశారు."

ఆమె లోపలికి వెళ్ళింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే చూస్తే, నోటీసు పుస్తకంలో తన ఉత్తర్వును తానే అడ్డంగా కొట్టేసి, మల్లేశ్వర్‌ను వెంటబెట్టుకుని బయలుదేరింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మొదటి నుంచి చెప్పింది. బస్సు సంగతి, గోడ పక్కన బాట సంగతి, తండ్రి పెట్టిన గడువు సంగతి. ఆ గడువు గురించి అప్పటిదాకా స్టాఫులో నాకూ హెడ్మాస్టరు గారికీ తప్ప ఎవరికీ తెలియదు.

తెలుగు పండితులు శివయ్య గారు అంతా విని, "నేను నాలుగింటికే లేస్త బిడ్డ. ఇన్నేండ్ల నౌకరిల నీకు ఏ టైము అనుకూలమని నన్ను అడిగినదానివి నువ్వొక్కతివే. వస్తపో," అన్నారు. సైన్సు మాస్టారు వారానికి మూడు రోజులైతే కుదురుతుందన్నారు. రేవతి గారు టైంటేబులు తీసి చూశారు.

"పొద్దున రాలేనమ్మా. ఉన్నమాట చెబుతున్నాను. కానీ మీ ఆఖరి పీరియడు ఆటలు కదా. అది నాకిస్తే రోజూ లెక్కలు చెబుతాను. ఐదున్నర బస్సు మీరూ అందుకోవచ్చు, నేనూ అందుకోవచ్చు."

"మా వాలీబాల్!" అని మల్లేశ్వర్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"అడుగుదాం పా అందరిని," అంది డోర్కాస్.

తరగతిలో చేతులెత్తించారు. అబ్బాయిలు గట్టిగా పోరాడారు. చివరికి వారానికి ఒక రోజు వాలీబాల్‌కు వదిలేటట్టు రాజీ కుదిరింది. ఆ గోలకు పక్క గదిలో తొమ్మిదో తరగతి వాళ్ళు పాఠం మానేసి కిటికీలకు వేలాడారు.

ఇక మిగిలింది హెడ్మాస్టరు గారు. ఇంగ్లీషు ఆయనదే. ఆయన గది ముందు ఆమె మూడుసార్లు అటూ ఇటూ నడిచింది. "మీరు గూడ రాండ్రి సార్," అని నన్ను అడిగింది. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆమె చెప్పినదంతా ఆయన ఫైలు చూస్తున్నట్టే విన్నారు. ఆఖర్న కళ్ళజోడు తీశారు.

"ముందే వచ్చి నన్ను అడగొద్దా? నోటీసు పుస్తకంల దొంగతనంగ రాసుడేంది?"

"భయమైంది సార్."

"నేనంటెనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నెల దినాలు టెంటుల మైకు పట్టుకొని ఒర్రిన, ఒక్క పోలీసాయన భయపడలె. నువ్వు భయపడ్డవా?" నన్ను చూశారు, నేను కాదంటానేమోనని. నేను అవునన్నట్టు తలూపాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. తరువాత, "మూర్తి సారు చెప్పినప్పుడే నేను వినాల్సింది. నలభై దినాల లెక్క చూసిన గని నీ బస్సు లెక్క చూడలె," అన్నారు. "పుస్తకం ఇటు తే."

కళ్ళజోడు పెట్టుకుని డోర్కాస్ కొత్తగా రాసుకొచ్చిన ఉత్తర్వును మొదటి నుంచి చివరిదాకా చదివారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. ఇరవై రెండేళ్ళలో ఆ పుస్తకాన్ని ఎవరైనా అలా చదవడం నేను చూడలేదు.

"ఏడుముప్పావు కొట్టెయ్. ఎనిమిది అని రాయి," అన్నారు.

"ఎందుకు సార్?"

"బస్సు దిగి పిల్లలు మంచినీళ్ళు తాగొద్దా? నేను గూడ చాయ్ తాగి రావొద్దా? నన్ను గూడ అడగవోయ్!"

డోర్కాస్ నవ్వింది. ఎనిమిది అని దిద్దింది. ఆయన సంతకం చేసి, ఊదుతూ ముద్ర వేశారు.

అయితే ఇదంతా బడి లోపలి మాట. పేరు తీయించాలా వద్దా అన్నది యెషయా చేతిలో ఉంది. శుక్రవారం, శనివారం డోర్కాస్ ముఖంలో ఏమీ తెలియలేదు. అడగడానికి నాకూ ధైర్యం చాలలేదు. సోమవారం పొద్దున మొదటి బస్సు గేటు ముందు ఆగింది. పిల్లలతోపాటు యెషయా కూడా దిగాడు. ఉతికిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు, ఆదివారం చర్చికి వెళ్ళే చొక్కా. 

"ఏం యెషయా, పేరు తీయించడానికేనా?"

"తీయించుడు నా చేతుల ఉన్నదా సారు?" అని చేతులు చాపాడు. "నిన్న చర్చి నుంచి రాంగనె ఇంట్ల ఓట్లు పెట్టింది మీ శిష్యురాలు. నేను, దాని తల్లి, మా అమ్మ వరమ్మ, అది. నాలుగు చీటీలు."

"ఎలా వచ్చాయి?"

"మూడు ఒకదిక్కు, నేనొక్కణ్ణి ఒకదిక్కు. మా అమ్మకు చీటి మీద ఏమున్నదో కనపడదు. అయిన ఓటేసింది! నేను దగ్గర కూసొని చెప్తనంటె, రహస్యంగ వెయ్యాలంట, నన్ను బయటికి తోలిండ్రు. నా ఇంట్ల నుంచి నన్నే."

డోర్కాస్ దూరం నుంచి ఇటు చూసి, చూడనట్టు గదిలోకి వెళ్ళింది.

"మరి ఓడిపోయినందుకు కోపం లేదా?"

అతను గోడకు ఆనుకున్నాడు. "మా నాయిన నన్ను ఎన్నడు ఏం అడగలె సారు. బడి బంద్ చేపిచ్చినప్పుడు అడగలె. పెండ్లి చేసినప్పుడు అడగలె. భూమి ఎయిర్‌పోర్టుకు పోతుందన్నప్పుడు గూడ పెద్దోళ్ళు పెద్దోళ్ళు మాట్లాడుకున్నరు, మేము వాకిట్ల కూసున్నం. ఇది నా ముంగట కూసొని, నాయినా నువ్వేమంటవ్ అని అడిగింది. బాట సంగతి చెప్పిన. సరే, బాట లేకుంట టైము మార్పిచ్చిన, ఇంకేమన్న ఉన్నదా అన్నది. ఇంకేం లేకుండె." అతను నవ్వాడు. "మార్చి దాక ఒప్పుకున్న. పరీక్షలైనంక కాలేజి సంగతికి మల్ల ఎలక్షనంట. అప్పటికి మా అమ్మను నా దిక్కు తిప్పుకోవాలె."

"తిరగదులే యెషయా."

"తిరగదు," అని ఒప్పుకున్నాడు.

స్కూటరు చప్పుడైంది. రామచంద్రయ్య గారు ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువలో దిగారు, తల ఇంకా తడిగా ఉంది. యెషయా దండం పెట్టాడు.

"బస్సు ఎప్పుడు నీకు?"

"తొమ్మిదింటికి సారు."

"అప్పటిదాక ఈడ నిలబడి ఏం జేస్తవ్? లోపల కూసో. నువ్వు గూడ జర ఇంగ్లీషు ఇను."

యెషయా వద్దు వద్దంటూనే వెళ్ళి చివరి బెంచీలో ఒదిగి కూర్చున్నాడు. మల్లేశ్వర్ జరిగి చోటిచ్చాడు. ముందు వరుసలో డోర్కాస్ వెనక్కి తిరిగి చూడకూడదని చాలా కష్టపడుతోంది, ఆమె మెడ నిటారుగా ఉండటం చూస్తేనే తెలుస్తోంది. హెడ్మాస్టరు గారు బోర్డు తుడిచి పాఠం మొదలుపెట్టారు.

నా వంతు ఎనిమిదీ నలభైకి. స్టాఫ్‌రూముకు పోవాలనిపించలేదు. వరండాలో ఎండ అప్పుడే పడుతోంది, వెచ్చగా హాయిగా ఉంది. పుస్తకం చంకలో పెట్టుకుని కిటికీ పక్కనే నిలబడి, పిల్లలు ఒక్కొక్కరు లేచి చదవడం వింటూ ఉన్నాను.